157 కోట్ల 79 లక్షల 17 వేల 500: ఒక పెద్ద సంఖ్యను కాగితం మీద విప్పడం ఎలా

ఏ పెద్ద సంఖ్యనైనా నెట్‌లో కొట్టి చూడండి, దాని జాతకమంతా వచ్చి పడుతుంది. సరి సంఖ్య, సంయుక్త సంఖ్య, అబండెంట్, స్క్వేర్‌ఫ్రీ కాదు, హర్షద్ కాదు, ఇన్ని కారణాంకాలు, వాటి మొత్తం ఇంత, బైనరీలో ఇన్ని ఒకట్లు అంటూ లైన్ల మీద లైన్లు. చదివాక ఒక్కటీ గుర్తుండదు, ఎందుకంటే అవి ఎక్కణ్ణుంచి వచ్చాయో అక్కడ ఎవరూ చెప్పరు. అసలు సంగతేంటంటే ఆ లిస్టులో పనికొచ్చేవన్నీ దాదాపు ఒకే ఒక్క పని నుంచి పుడతాయి: సంఖ్యను ప్రధాన కారణాంకాలుగా విడగొట్టడం. అది అయిందా, మిగతాది ఎక్కాలు వచ్చిన ఎవరైనా కూర్చుని రాసేయొచ్చు. అది కాలేదా, ఎంత పొడుగు లిస్టు చదివినా ఆ సంఖ్య మీకు పరాయిదే.

కాబట్టి ఒక సంఖ్య తీసుకుని మొదటి నుంచి చేద్దాం. రామానుజన్ పేరుతో వినిపించే 1729 వద్దు, దాని గురించి వినని వాళ్లు లేరు, పైగా చిన్నది. మనం తీసుకునేది 1,57,79,17,500. ఇది నోటికొచ్చిన సంఖ్య కాదు. క్రీ.శ. 499 ప్రాంతంలో ఆర్యభటుడు ఇచ్చిన లెక్క ప్రకారం ఒక మహాయుగంలో, అంటే 43,20,000 సంవత్సరాల్లో, భూమి తన చుట్టూ తాను 1,58,22,37,500 సార్లు తిరుగుతుంది. ఆ తిరుగుళ్లు నక్షత్రాలను బట్టి లెక్కేసినవి. వాటిలోంచి సూర్యుడి చుట్లు 43,20,000 తీసేస్తే మనకు తెలిసిన మామూలు రోజులు వస్తాయి, సావన దినాలంటారు కదా, అవి. తీసేసి చూడండి, సరిగ్గా 1,57,79,17,500. పదిహేను వందల ఏళ్ల కిందటి వాళ్లు ఈ సంఖ్యను ఎందుకు విడగొట్టుకున్నారో తర్వాత వస్తుంది. ముందు మనం విడగొడదాం. కాగితం, పెన్ను చాలు. కాలిక్యులేటర్ పక్కన పెట్టుకోండి, కానీ సరిచూసుకోవడానికి మాత్రమే.

తేలిగ్గా ఊడొచ్చేవి

మొదట సంఖ్యను ఊరికే చూడండి, చేతులు పెట్టకండి. మన పద్ధతిలో కామాలు పెడితే 1,57,79,17,500, నోటితో చదవడానికి ఇది బాగుంటుంది. విదేశీ పద్ధతిలో మూడేసి అంకెలుగా కామాలు పెడితే 1,577,917,500. కోట్లు, లక్షలు చదవడానికి ఇది విసుగ్గా ఉంటుంది గానీ, కాసేపట్లో 7, 11, 13లను ఒకేసారి పరీక్షించేటప్పుడు ఈ మూడేసి అంకెల పద్ధతే పనికొస్తుంది. ఇంకో విషయం, అంకెల మొత్తం ఇప్పుడే ఒక మూల రాసి పెట్టుకోండి: 1+5+7+7+9+1+7+5+0+0 = 42. దీన్ని మూడు చోట్ల వాడతాం.

చివర రెండు సున్నాలున్నాయి. అంటే 100, అంటే 2² × 5². అవి బయటికి తీసేస్తే మిగిలింది 1,57,79,175. చివర 75 ఉంది కాబట్టి మళ్లీ 25తో పోతుంది. 25తో భాగించడానికి కుస్తీ పట్టక్కర్లేదు, 4తో గుణించి రెండు సున్నాలు కొట్టేస్తే సరి: 1,57,79,175 × 4 = 6,31,16,700, కొట్టేస్తే 6,31,167. ఇది బేసి, చివర 7, కాబట్టి 2లు, 5లు ఇక అయిపోయాయి. చేతిలో ఇప్పటికి 2² × 5⁴ ఉన్నాయి.

ఈ మధ్యలోనే ఒక ప్రశ్నకు జవాబు దొరికింది, గమనించారా? ఇది వర్గ సంఖ్య అవుతుందా అని. 5తో ముగిసే వర్గ సంఖ్యలన్నీ 25తోనే ముగుస్తాయి (15² = 225, 35² = 1225 ఇలా), 75తో ఎప్పుడూ ముగియవు. 1,57,79,175 వర్గం కాదు, 100 మాత్రం వర్గమే, కాబట్టి మొత్తం సంఖ్య కూడా వర్గం కాదు. వర్గమూలం లెక్కేయాల్సిన పనే లేదు.

ఇప్పుడు మూడు. 6+3+1+1+6+7 = 24, మూడో ఎక్కంలో పోతుంది, తొమ్మిదితో పోదు. భాగిస్తే 2,10,389. దీని అంకెల మొత్తం 23, ఇక మూడు లేదు. అసలు మొదట రాసి పెట్టుకున్న 42 చూసినా ఇదే తెలిసేది: 42 మూడుతో పోతుంది, తొమ్మిదితో పోదు, కాబట్టి ఈ సంఖ్యలో సరిగ్గా ఒక్క 3 ఉంటుంది.

ఇంతదాకా స్కూల్లో చెప్పిందే. చాలామంది ఇక్కడే ఆగిపోయి మిగిలింది ప్రధాన సంఖ్యేమో అనుకుని వదిలేస్తారు. 2,10,389ని చూస్తే అలాగే అనిపిస్తుంది కూడా, ఏ ఎక్కంలోనూ కనపడదు. కానీ అనిపించడం వేరు, తేల్చడం వేరు.

210389 దగ్గర అసలు పని

మొదట ఎంతదాకా వెతకాలో హద్దు పెట్టుకోండి. ఒక సంఖ్య రెండు ముక్కలుగా విడిపోతే, ఆ రెండింట్లో చిన్నది వర్గమూలాన్ని దాటదు. 458² = 2,09,764, 459² = 2,10,681. అంటే 458 దాకా వెతికితే చాలు. ఆ లోపు ఉన్న ప్రధాన సంఖ్యలు 88, వాటిలో 2, 3, 5 అయిపోయాయి, మిగిలినవి 85. అదృష్టం అస్సలు కలిసి రాకపోతే 85 భాగహారాలు చేయాలన్న మాట. భయపడకండి, అన్నీ పూర్తిగా చేయక్కర్లేదు.

7, 11, 13 మూడింటినీ ఒకే దెబ్బకు చూడొచ్చు. 7 × 11 × 13 = 1001, కిటుకంతా అక్కడే ఉంది. సంఖ్యను చివరి నుంచి మూడేసి అంకెలుగా విడదీసి ఒకటి కలిపి ఒకటి తీసేస్తూ పోవాలి. మనకు రెండే ముక్కలు: 389 − 210 = 179. ఇప్పుడు 2,10,389ని పక్కన పెట్టి 179తో ఆడుకోండి. 7తో శేషం 4, 11తో శేషం 3, 13తో శేషం 10. మూడింటిలోనూ పోలేదు. అదే ముక్కల్ని తీసేయకుండా కలిపితే 37 తేలిపోతుంది, ఎందుకంటే 999 = 27 × 37. 389 + 210 = 599, 37తో శేషం 7. ఇదీ లేదు.

మిగతా వాటికి నాకు అన్నిటికంటే నచ్చిన పద్ధతి చివరి అంకెను సున్నా చేసి కొట్టేయడం. శేషం ఎంతో ఇది చెప్పదు, పోతుందా పోదా అన్నది మాత్రం చెబుతుంది, మనకు కావలసింది అదే. 19తో చూద్దాం. 2,10,389 చివర 9 ఉంది, 19 × 1 = 19 కూడా 9తో ముగుస్తుంది, తీసేస్తే 2,10,370. సున్నా కొట్టేయండి (19కీ 10కీ ఉమ్మడిగా ఏమీ లేదు కాబట్టి సున్నా పోయినా నష్టం లేదు): 21037. చివర 7, 19 × 3 = 57 తీసేస్తే 20980, సున్నా కొట్టేస్తే 2098. చివర 8, 19 × 2 = 38 తీసేస్తే 2060, అంటే 206. 19 పదులు 190, మిగిలింది 16. పోదు. పెద్ద భాగహారం లేదు, నాలుగు చిన్న తీసివేతలు, అంతే.

ఇలా 17, 23, 29, 31, 41, 43, 47, 53 ఒక్కొక్కటీ చూసుకుంటూ వెళ్లండి, ఒక్కటీ పోదు. 59 దగ్గర: 59 తీసేస్తే 21033, 59 × 7 = 413 తీసేస్తే 2062, 59 × 8 = 472 తీసేస్తే 159, అందులో రెండు 59లు పోగా 41. లేదు. ఇక్కడ విసుగొస్తుంది, ఇది ప్రధానమే అని రాసేసి టీ తాగుదామనిపిస్తుంది. ఇంకొక్కటి చూడండి, 61.

చివర 9 కావాలి: 61 × 9 = 549. 2,10,389 − 549 = 2,09,840, కొట్టేస్తే 20984. చివర 4: 61 × 4 = 244, తీసేస్తే 20740, కొట్టేస్తే 2074. మళ్లీ 4, మళ్లీ 244, తీసేస్తే 1830, కొట్టేస్తే 183. అది 61 × 3. పోయింది! 2,10,389 = 61 × 3449.

ఇక 3449 సంగతి. మళ్లీ 7 నుంచి మొదలెట్టాలా? అక్కర్లేదు. 3449కి ఏదైనా కారణాంకం ఉంటే అది 2,10,389కి కూడా కారణాంకమే కదా, 61 కంటే చిన్న ప్రధాన సంఖ్యలన్నిటినీ అక్కడ ఇప్పటికే పరీక్షించేశాం. 61² = 3721, ఇది 3449 కంటే పెద్దది. అంటే 3449కి వర్గమూలం లోపున చూడాల్సిన ప్రధాన సంఖ్య ఒక్కటి కూడా మిగల్లేదు. 3449 ప్రధాన సంఖ్య, అదనపు లెక్క ఒక్కటీ లేకుండా తేలింది. పరీక్షలు చిన్న సంఖ్య నుంచి వరసగా, మధ్యలో ఏదీ వదలకుండా చేయమనేది ఇందుకే. 'ఇది పోదులే' అని ఒక్కదాన్ని దాటేసినా ఈ వాదన నిలబడదు.

మొత్తం కలిపితే:

1,57,79,17,500 = 2² × 3 × 5⁴ × 61 × 3449

సరిచూసుకోవడానికి 9 పద్ధతి వాడండి. ప్రతి కారణాంకానికీ అంకెలు కలుపుతూ ఒక్క అంకెకు తేవాలి: 4, 3, 625కి 4, 61కి 7, 3449కి 2. వీటిని గుణిస్తూ మళ్లీ అంకెలు కలుపుతూ పోతే 6 వస్తుంది. అటు 42 అంకెలు కలిపినా 6. కలిసింది. ఇది తప్పులన్నిటినీ పట్టదు (రెండంకెలు తారుమారైతే దీనికి తెలియదు), కానీ రాతలో దొర్లే చాలా తప్పులు దీనికి దొరికిపోతాయి.

విడగొట్టాక ఏమేం రాయొచ్చు

ఇక్కణ్ణుంచి పని తేలిక. కారణాంకాలు ఎన్ని? ఏ కారణాంకమైనా తయారయ్యేది ఇలాగే: 2లు సున్నా, ఒకటి లేదా రెండు (3 రకాలు), 3 ఉండొచ్చు లేకపోవచ్చు (2 రకాలు), 5లు సున్నా నుంచి నాలుగు దాకా (5 రకాలు), 61కి 2, 3449కి 2. గుణిస్తే 3 × 2 × 5 × 2 × 2 = 120. సూత్రంగా చెప్పాలంటే ప్రతి ఘాతాంకానికీ ఒకటి కలిపి గుణించాలి, కానీ ఎందుకో తెలిశాక సూత్రం గుర్తుంచుకునే అవసరం రాదు.

120 ఎక్కువా తక్కువా? మన సంఖ్య కంటే చిన్నదైన 1,39,67,55,360ని చూడండి, దానికి 1536 కారణాంకాలున్నాయి. అది 2⁵ × 3³ × 5 × 7 × 11 × 13 × 17 × 19, అన్నీ చిన్న చిన్న ప్రధాన సంఖ్యలే. తన కంటే చిన్న సంఖ్యలన్నిటికంటే ఎక్కువ కారణాంకాలున్న ఇలాంటి వాటి మీదే రామానుజన్ 1915లో పెద్ద పేపర్ రాశాడు, ఇంగ్లిష్‌లో వాటిని హైలీ కాంపోజిట్ అంటారు. మన సంఖ్య దానికి దరిదాపుల్లో లేదు. 3449 లాంటి లావుపాటి ప్రధాన సంఖ్య ఒక్కటి లోపల కూర్చుందంటే కారణాంకాల లెక్క పడిపోతుంది, అది బోలెడు చోటు తీసుకుని రెండు రెట్లు మాత్రమే ఇస్తుంది.

కారణాంకాల మొత్తానికి కూడా అదే ఆలోచన. (1+2+4) = 7, (1+3) = 4, (1+5+25+125+625) = 781, (1+61) = 62, (1+3449) = 3450. గుణిస్తే 4,67,75,65,200. అందులోంచి ఆ సంఖ్యనే తీసేస్తే మిగతా కారణాంకాల మొత్తం 3,09,96,47,700. అది మన సంఖ్య కంటే ఎక్కువ, దాదాపు రెట్టింపు. ఇలా ఎక్కువ వస్తే అబండెంట్, తక్కువ వస్తే డెఫిషియంట్, సరిగ్గా సమానమైతే పరిపూర్ణ సంఖ్య (6, 28, 496, 8128, ఆ తర్వాతది ఏకంగా 3,35,50,336).

అయితే అబండెంట్ అని తేల్చడానికి మాత్రమే అయితే ఈ గుణకారాలేవీ అక్కర్లేదు. 6 పరిపూర్ణ సంఖ్య, దాని గుణిజాలు 12, 18, 24 నుంచి ఎంత పెద్దవైనా అన్నీ అబండెంటే. మన సంఖ్య సరి, 3తో పోతుంది. అయిపోయింది. చూడగానే చెప్పేయొచ్చు.

5⁴ ఉంది కాబట్టి స్క్వేర్‌ఫ్రీ కాదు, అంటే ఏదో ఒక వర్గం దీన్ని భాగిస్తుంది. మరోవైపు 3, 61, 3449 ఒక్కొక్కసారే వచ్చాయి కాబట్టి ప్రతి ప్రధాన కారణాంకం కనీసం రెండుసార్లు రావాలనే పవర్‌ఫుల్ సంఖ్యల్లోనూ చేరదు. ఆయిలర్ ఫై విలువ, అంటే 1 నుంచి ఈ సంఖ్య దాకా దీనితో ఉమ్మడి కారణాంకం లేనివి ఎన్ని అన్నది: 2 × 2 × 500 × 60 × 3448 = 41,37,60,000. నూటికి 26 చొప్పున.

రెండు వర్గాల మొత్తంగా రాయొచ్చా అన్నది ఇంకాస్త రుచిగల ప్రశ్న. 4తో భాగిస్తే 3 శేషం వచ్చే ప్రధాన సంఖ్య ఏదైనా బేసిసార్లు కనిపిస్తే రాయలేం, లేకపోతే రాయొచ్చు. మన దాంట్లో 3 ఒక్కసారే ఉంది, అదొక్కటే మొత్తం చెడగొట్టింది. 61, 3449 రెండూ 4తో భాగిస్తే 1 శేషం ఇచ్చేవే. కాబట్టి 1,57,79,17,500ని రాయలేం గానీ, లోపలున్న 2,10,389ని రాయొచ్చు. ఎలాగో చూడండి. 61 = 5² + 6². 3449 = 43² + 40² (ఇది వెతుక్కోవాలి: 58² నుంచి కిందికి దిగుతూ తీసివేసిన ప్రతిసారీ వర్గం మిగిలిందా అని చూడడమే). ఇప్పుడు బ్రహ్మగుప్తుడు 628లో ఇచ్చిన సూత్రంలో ఒక చిన్న ముక్క వాడితే రెండింటి లబ్ధం దానంతటదే వర్గాల మొత్తంగా మారుతుంది: 5×43 + 6×40 = 455, 5×40కీ 6×43కీ తేడా 58. అంటే 455² + 58² = 2,07,025 + 3,364 = 2,10,389. గుర్తులు మార్చి చేస్తే ఇంకో జత వస్తుంది: 458² + 25². ఏ లిస్టులోనైనా ఈ రెండు జతలు కనిపిస్తే అవి 61, 3449ల నుంచే వచ్చాయని మీకిప్పుడు తెలుసు.

వాళ్లు దీన్ని ఎందుకు విడగొట్టుకున్నారు

43,20,000 ఏళ్లకు 1,57,79,17,500 రోజులు అనే నిష్పత్తితో రోజూ లెక్కలు చేయాలంటే చేతులు పడిపోతాయి. కాబట్టి గసాభాతో రెండింటినీ కొట్టేసుకున్నారు. 43,20,000 = 2⁸ × 3³ × 5⁴. రెండింటికీ ఉమ్మడిగా ఉన్నవి 2² × 3 × 5⁴ = 7500. కొట్టేస్తే అటు 576, ఇటు 2,10,389. 576 ఏళ్లకు 2,10,389 రోజులు, అంతే. క్రీ.శ. 629లో ఆర్యభటీయానికి భాష్యం రాసిన మొదటి భాస్కరుడు కుట్టకం (శేషం తెలిస్తే అసలు సంఖ్యను వెనక్కి పట్టుకునే పద్ధతి) లెక్కల్లో వాడిందీ ఈ జతే. ఇలా చివరిదాకా కొట్టేసిన సంఖ్యల్ని దృఢం అన్నారు. సూర్యుడు ఇప్పుడు ఫలానా చోట ఉన్నాడు, యుగం మొదలై ఎన్ని రోజులైంది అని అడిగితే, కుట్టకం పద్ధతిలో వెనక్కి లెక్కకట్టేవారు.

కారణాంకాలు తెలియకపోయినా గసాభా వస్తుంది, ఒకదాన్ని ఇంకోదానితో భాగించి శేషాలతో కిందికి దిగుతూ పోవాలి. ఈ సంఖ్యలతో చేసి చూడండి, బాగుంటుంది:

1577917500 = 365 × 4320000 + 1117500
4320000 = 3 × 1117500 + 967500
1117500 = 1 × 967500 + 150000
967500 = 6 × 150000 + 67500
150000 = 2 × 67500 + 15000
67500 = 4 × 15000 + 7500
15000 = 2 × 7500

మొదటి భాగఫలమే 365, ఏడాదికి రోజులు. తర్వాతి భాగఫలాలను (3, 1, 6, 2, 4, 2) ఒక్కొక్కటే కలుపుకుంటూ పోతే మిగిలిన భిన్నానికి దగ్గరి విలువలు వస్తాయి: 1/3, 1/4, 7/27, చివరికి సరిగ్గా 149/576. రెండోది 1/4, మన నాలుగేళ్లకోసారి లీపు సంవత్సరం. మొత్తం 365 149/576 రోజులు, అంటే 365 రోజుల 6 గంటల 12 నిమిషాల 30 సెకన్లు. ఇప్పటి కొలతల ప్రకారం నాక్షత్ర సంవత్సరం (నక్షత్రాలను బట్టి కొలిచే ఏడాది) 365 రోజుల 6 గంటల 9 నిమిషాల 10 సెకన్లు. తేడా మూడు నిమిషాల ఇరవై సెకన్లు.

అంకెల ఆటలు, ఇంకా పెద్ద సంఖ్యలు

హర్షద్ సంఖ్య అంటే తన అంకెల మొత్తంతో తాను పోయేది. నాసిక్ దగ్గర దేవళాలిలో స్కూల్ మాస్టారుగా పనిచేసిన కాప్రేకర్ పెట్టిన పేరిది. మన అంకెల మొత్తం 42, అంటే 2 × 3 × 7. కారణాంకాల్లో 7 లేదు, కాబట్టి హర్షద్ కాదు. భాగహారం చేయకుండానే తేలింది. పాలిండ్రోమా (ఎటు నుంచి చదివినా ఒకేలా ఉండేది) అంటే, సున్నాతో ముగిసేది ఎలాగూ కాదు.

నన్నడిగితే ఇవన్నీ సరదాకే. అంకెల మొత్తం మనం పదుల్లో లెక్కపెడతాం కాబట్టి 42, పన్నెండుల్లో లెక్కపెట్టే వాళ్లుంటే వేరే ఏదో వస్తుంది. 61, 3449 మాత్రం ఎవరు ఏ పద్ధతిలో రాసినా అవే. లిస్టులో ఏది బరువైనదో ఏది అలంకారమో విడదీసుకోవడానికి నేను చూసేది ఇదొక్కటే.

అంకెలు పెరిగేకొద్దీ చేత్తో చేయడం కుదరదు. లినక్స్ ఉంటే ఫ్యాక్టర్ అనే కమాండ్ పక్కన సంఖ్య కొట్టండి, పాతిక అంకెల లోపు సాధారణంగా చటుక్కున చెబుతుంది. ఎక్సెల్‌లో మాత్రం పెద్ద సంఖ్యలతో జాగ్రత్త, 15 అంకెలు దాటితే మిగతావి సున్నాలు చేసేస్తుంది, మీకు చెప్పకుండా. ఆ సున్నాలు చూసి 2లు, 5లు తీసేసుకుంటూ కూర్చుంటే అంతా వృథా.

సంఖ్య పొడుగు కంటే లోపల ఏముందన్నదే ముఖ్యం. చిన్న ప్రధాన సంఖ్యలతో నిండినది వంద అంకెలున్నా ఇట్టే విడిపోతుంది. రెండు పెద్ద ప్రధాన సంఖ్యల లబ్ధమైతే చుక్కలు చూపిస్తుంది. 2⁶⁷ − 1 ప్రధానం కాదని ముందే తెలిసినా, దాని కారణాంకాలు 19,37,07,721, ఇంకా 7,61,83,82,57,287 అని 1903లో ఫ్రాంక్ కోల్ చూపించేదాకా ఎవరికీ దొరకలేదు. ప్రధానమా కాదా అని తేల్చడం వేరు, కారణాంకాలు పట్టుకోవడం వేరు: మొదటిదానికి 2002లో ఐఐటీ కాన్పూర్ నుంచి మణీంద్ర అగ్రవాల్, నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా ఒక వేగమైన పద్ధతి ఇచ్చారు, రెండోదానికి మామూలు కంప్యూటర్ల మీద అలాంటిది ఇప్పటికీ లేదు. ఆర్‌ఎస్‌ఏ-250 అనే 250 అంకెల సంఖ్యను విడగొట్టేసరికి 2020 వచ్చింది.

మీరు చేయడానికి ఒకటి ఇస్తాను. ఆర్యభటుడిదే ఇంకో పద్ధతి ఉంది, రోజును అర్ధరాత్రి నుంచి లెక్కపెట్టేది. అందులో మహాయుగానికి 1,57,79,17,800 రోజులు, అంటే 300 ఎక్కువ. అంకెల మొత్తం 45, ఇది 5తోనూ 9తోనూ పోతుంది కాబట్టి ఇదైతే హర్షదే. 43,20,000తో గసాభా 5400, కొట్టేస్తే 800 ఏళ్లకు 2,92,207 రోజులు, బ్రహ్మగుప్తుడు ఖండఖాద్యకంలో వాడిన జత. ఈ 2,92,207ని విడగొట్టండి. 41 దగ్గర పోతుంది, 7127 మిగులుతుంది. కానీ ఈసారి అది ఊరికే తేలదు: 7127 వర్గమూలం 84 పైన ఉంది, 41 దాకా చూసింది సరిపోదు. 41ని ఇంకోసారి, ఆపైన 43 నుంచి 83 దాకా ఉన్న పది ప్రధాన సంఖ్యలనూ ఒక్కొక్కటీ చూసి గానీ ప్రధానమని రాయకండి.